దొంగకూ కాపలా కాసే ప్రోటీన్

(ఒక గ్రంథాలయంలో ఆదివారం ఉదయం జరిగిన సైన్స్ ప్రసంగానికి అక్షరరూపం. మాట్లాడిన తీరును వీలైనంతవరకు అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారం. ఇంత ఎండలో ఇంతమంది వచ్చారు, చాలా సంతోషం. ఫ్యాన్ కింద కుర్చీలు ముందొచ్చినవాళ్లకు దక్కాయి, మిగతావాళ్లు నన్ను తిట్టుకోకండి.

ఈ అంశమే ఎందుకు తీసుకున్నానో ముందు చెబుతాను. ఈ మధ్య మా ఇంటివాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ తిరిగింది. "పిచ్చి ఆవు వ్యాధి తెచ్చే ప్రోటీనే క్యాన్సర్ గడ్డల్లోనూ దొరికిందట, తస్మాత్ జాగ్రత్త" అని. కింద నాలుగు దండం బొమ్మలు. పంపినవాడు మా పెద్దమ్మ కొడుకు. అదే గ్రూపులో మా పిన్ని కూడా ఉంది. ఆవిడకు రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ అయింది, అప్పటికి మూడో కీమో నడుస్తోంది. ఆ సాయంత్రం నాకు ఫోన్ చేసి, "ఏమ్మా, మనవలు నా కంచంలో తినకూడదా?" అని అడిగింది.

నాకు మావాడి మీద మండిపోయింది. కానీ చిక్కేమిటంటే ఆ మెసేజ్ పూర్తిగా అబద్ధం కాదు. ఆ ప్రోటీన్ పేరు ప్రియాన్ ప్రోటీన్. అది క్యాన్సర్ కణాల్లో ఉన్న మాట నిజమే. కొన్ని క్యాన్సర్లలో మామూలు కంటే ఎక్కువగా కూడా ఉంటుంది. అయితే అది అక్కడ చేసే పని వేరు. మా పిన్నికి ఫోన్‌లో అరగంట చెప్పింది ఇవాళ మీకు కాస్త తీరిగ్గా చెబుతాను.

గొర్రెలతో మొదలుపెడదాం. ఐరోపాలో గొర్రెల కాపరులకు దాదాపు 300 ఏళ్లుగా తెలిసిన జబ్బు ఒకటి ఉంది. గొర్రె దురద ఆపుకోలేక కంచెకు ఒళ్లు రాసుకుంటుంది, ఉన్ని ఊడి చర్మం పుండు పడేదాకా. తర్వాత నడక తూలుతుంది, చివరికి చనిపోతుంది. మెదడు కోసి చూస్తే స్పాంజిలా చిల్లులు. ఆ రాసుకోవడాన్ని బట్టే దానికి స్క్రేపీ అని పేరు. పపువా న్యూగినీలో ఫోరే తెగవాళ్లకు వచ్చిన కురు, 1986లో బ్రిటన్‌లో గుర్తించిన పిచ్చి ఆవు వ్యాధి, మనుషుల్లో చాలా అరుదుగా వచ్చే క్రాయిట్జ్‌ఫెల్ట్-యాకోబ్ వ్యాధి, ఇవన్నీ ఆ కుటుంబమే.

వీటికి ఏ సూక్ష్మజీవి కారణమో ఎంత వెతికినా దొరకలేదు. 1967లో లండన్‌లో టిక్వా ఆల్పర్ అనే శాస్త్రవేత్త స్క్రేపీ పదార్థం మీద రేడియేషన్ పెట్టి చూసింది. ఏ వైరస్‌నైనా చంపే మోతాదు అది. దానికి మాత్రం చీమ కుట్టినట్టు కూడా లేదు. డీఎన్ఏ గానీ ఆర్ఎన్ఏ గానీ ఉన్నదైతే ఆ దెబ్బకు బతకదు. 1982లో శాన్‌ఫ్రాన్సిస్కోలో స్టాన్లీ ప్రూసినర్, జబ్బు తెచ్చేది ఒట్టి ప్రోటీనేనని చెప్పి దానికి ప్రియాన్ అని పేరు పెట్టాడు. నమ్మినవాళ్లు తక్కువ. 1997లో ఆయనకే నోబెల్ వచ్చింది.

ఒట్టి ప్రోటీన్ ఒకరి నుంచి ఒకరికి ఎలా వస్తుంది? క్లాసులో దీనికి నేను తోడు పెట్టడం గురించి చెబుతుంటాను. గిన్నెడు గోరువెచ్చటి పాలలో చెంచా పెరుగు వేస్తే తెల్లారేసరికి గిన్నె మొత్తం పెరుగు.

(సభలో ఒక అబ్బాయి: పెరుగులో బ్యాక్టీరియా ఉంటుంది కదా మేడమ్?)

చూశారా, దొరికిపోయాను. నిజమే నాన్నా, పెరుగులో బ్యాక్టీరియా ఉంటుంది, ప్రాణమున్నది పెరుగుతుంది. ఇక్కడ ప్రాణం లేదు. అందుకని పటికబెల్లం చెబుతాను. చిక్కటి పాకంలో దారం వేలాడదీసి ఉంచితే, ముందు ఒక చిన్న పలుకు కడుతుంది. ఆ పలుకును పట్టుకుని పక్కనున్న చక్కెర కూడా అదే అమరికలో పేరుకుంటుంది. చక్కెర అదే చక్కెర, అమరిక మారిందంతే. ప్రియాన్ ప్రోటీన్‌కు కూడా రెండు మడతలు ఉన్నాయి. ఒకటి మామూలు మడత. రెండోది వంకర మడత. వంకరది మామూలుదాని పక్కన చేరితే అది కూడా వంకరగా మారుతుంది. అలా కోట్లు పేరుకుంటే మెదడు కణాలు చచ్చిపోతాయి.

1985లో ఈ ప్రోటీన్‌కు జన్యువు దొరికింది. ఎక్కడ దొరికిందంటే మన దగ్గరే. ఇక్కడ కూర్చున్న ప్రతి ఒక్కరిలోనూ 20వ క్రోమోజోమ్ మీద ఆ జన్యువు ఉంది. మీ మెదడు కణాల మీద ఇప్పుడు, ఈ క్షణంలో, మామూలు మడతలో ఉన్న ఆ ప్రోటీన్ వేలాడుతూ ఉంది. పక్కింటి కుర్రాడు ఒక్కసారి మామిడికాయ కోస్తే జన్మంతా దొంగ అని పిలిచినట్టు, వంకర తిరిగినప్పుడు చేసిన పనిని బట్టి దానికి ప్రియాన్ అన్న పేరు పడిపోయింది. పాపం, మంచిగా ఉన్నప్పుడు అది ఏం చేస్తుందన్నది తర్వాతెప్పుడో అడిగారు.

అడిగిన పద్ధతి సూటిగానే ఉంది. 1992లో జ్యూరిక్‌లో ఆ జన్యువు తీసేసిన ఎలుకల్ని పుట్టించారు. ఏమవుతుందోనని చూస్తే, ఎలుకలు శుభ్రంగా పుట్టాయి, పెరిగాయి, పిల్లల్ని పెట్టాయి. ముసలితనంలో నరాల మీది తొడుగు కాస్త పాడవుతుందని తర్వాత తేలింది. నార్వేలో ఒక పాడి మేకల జాతిలో అయితే ఎవరి ప్రమేయం లేకుండానే ఈ ప్రోటీన్ అసలు తయారవని మేకలు ఉన్నాయని 2012లో బయటపడింది. అవి కూడా బాగానే ఉన్నాయి.

మరి ఉండి ఏం ఉపయోగం? సుఖంగా ఉన్నప్పుడు తెలియదు, కష్టమొస్తే తెలుస్తుంది. మెదడుకు రక్తం ఆగిపోయేలా చేసినప్పుడు, ఈ ప్రోటీన్ లేని ఎలుకల్లో మెదడు ఎక్కువ మేర దెబ్బతింది. ఉన్నవాటిలో తక్కువ. ఇది కణం బయటి పొర మీద ఒక చిన్న కొవ్వు లంగరుతో నిలబడి ఉంటుంది. రాగిని పట్టుకుంటుంది. బయటి నుంచి వచ్చే కబుర్లు లోపలికి చేరవేయడంలో చెయ్యి వేస్తుంది. ఆ కబుర్లలో ముఖ్యమైనది ఒకటుంది: ఇప్పుడే చావకు, కాస్త ఆగు అని. మన కణాల్లో ఆత్మహత్య ఏర్పాటు ఉంటుంది. బాగుచేయలేనంత దెబ్బ తగిలితే కణం తనంతట తానే చస్తుంది. ఈ ప్రోటీన్ ఆ తొందరను కొంచెం ఆపుతుంది. వాకిట్లో కాపలావాడు అనుకోండి.

ఇప్పుడు క్యాన్సర్‌కు వద్దాం. కీమో మందులు చాలావరకు చేసే పని ఏమిటి? క్యాన్సర్ కణానికి బాగుచేసుకోలేనంత దెబ్బ కొట్టి, నువ్వే చచ్చిపో అని ఒత్తిడి పెట్టడం. అలాంటి చోట "ఇప్పుడే చావకు" అని చెప్పే కాపలావాడు ఎక్కువైతే ఏమవుతుందో మీరే ఊహించండి. వాడికి ఇంట్లో ఉన్నది యజమానా, దొంగా అన్న తేడా తెలియదు. ఎవరున్నా కాపలా కాస్తాడు.

కీమో తీసుకున్నవాళ్లు గానీ, వాళ్ల పక్కన కూర్చున్నవాళ్లు గానీ ఇక్కడ ఉంటే ఎర్రగా ఉండే ఒక మందు గుర్తుకొస్తుంది. ఎక్కించిన రోజు మూత్రం కూడా ఎర్రగా వచ్చి భయపెడుతుంది. అదే డాక్సోరుబిసిన్. దీన్ని ఏడ్రియమైసిన్ అని కూడా అంటారు, ఏడ్రియాటిక్ సముద్రం పేరు మీద. ఇటలీలో ఆ సముద్రం వైపు మట్టిలో దొరికిన ఒక సూక్ష్మజీవి నుంచి ఈ మందుల కుటుంబం వచ్చింది. దీనికి ఒక సౌకర్యం ఉంది. తనంతట తానే వెలుగుతుంది. సరైన రంగు కాంతి పడితే మైక్రోస్కోపులో ఎర్రగా మెరుస్తుంది, వేరే రంగు వేయనక్కర్లేదు.

నేను చదువుకునే రోజుల్లో చీకటి గదిలో మొదటిసారి అది చూశాను. రెండు గాజు పలకలు. ఒకదాని మీద మందుకు లొంగే కణాలు. వాటిలో ప్రతి కణం నడుమ కేంద్రకం కుంకుమ బొట్టులా మెరుస్తోంది. మందు నేరుగా వెళ్లి డీఎన్ఏలో దూరిందన్నమాట. రెండో పలక మీద మొండి కణాలు. అదే మందు, అదే మోతాదు, అంతే సమయం. బొట్లు లేవు. అక్కడక్కడ మసక ఎరుపు, అంతే. నేను మందు వేయడం మర్చిపోయానేమోనని మా సీనియర్ అక్క నన్ను రెండుసార్లు అడిగింది. మర్చిపోలేదు. కణం ఆ మందును తోడి బయట పోసేసింది. ఆ తోడే మోటారు పేరు పి-గ్లైకోప్రోటీన్. బావిలో ఊట వచ్చినకొద్దీ మోటారు తోడేస్తే నీళ్లు నిలవవు కదా, అలాగ.

ఈ మొండి కణాల్ని ల్యాబ్‌లో ఎలా తయారుచేస్తారంటే, మందు కొంచెం కొంచెంగా అలవాటు చేస్తూ నెలల తరబడి పెంచుతారు. చచ్చేవి చస్తాయి, బతికినవి మొండివి. చైనాలోని షియాన్ నగరంలో ఫాన్ డైమింగ్ బృందం కడుపు క్యాన్సర్ కణాల్ని ఇలాగే డాక్సోరుబిసిన్‌కు అలవాటు చేసి, మామూలు కణాలకూ మొండి కణాలకూ ఏ జన్యువుల్లో తేడా ఉందో వెతికింది. ఆ వెతుకులాటలో ఎవరూ పిలవని అతిథిలా ప్రియాన్ ప్రోటీన్ బయటపడింది. మొండి కణాల్లో అది ఎక్కువ. 2005 నాటికి వాళ్లు రెండు వైపులా పరీక్షించారు. లొంగే కణాల్లో ఈ ప్రోటీన్‌ను పెంచితే అవి మొండికేశాయి, తోడే మోటార్లు పెరిగాయి. మొండి కణాల్లో దీన్ని తగ్గిస్తే మందు మళ్లీ లోపల నిలిచింది.

రొమ్ము క్యాన్సర్‌లో కూడా ఇలాంటిదే. పారిస్ పక్కన విల్‌జ్విఫ్‌లో పనిచేసే శాస్త్రవేత్తలు 2004లో రొమ్ము క్యాన్సర్ కణాల్లో ఈ ప్రోటీన్ చావును ఆపుతోందని చూపించారు. 2019లో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్ నుంచి వచ్చిన పని నాకు ఇంకా ఆసక్తిగా అనిపించింది. క్యాన్సర్ కణాలు ఈ ప్రోటీన్‌ను బయటికి కూడా వదులుతాయి, బయట తేలే ఆ ప్రోటీన్ డాక్సోరుబిసిన్‌ను దారిలోనే పట్టేసుకుంటుంది అన్నారు. అంటే కాపలావాడు వాకిట్లో ఆగకుండా వీధి మలుపు దాకా వెళ్లి అడ్డుకుంటున్నాడన్నమాట.

ఇక్కడ ఒక తమాషా చెప్పకుండా ముందుకు వెళ్లలేను. డాక్సోరుబిసిన్‌కు అయోడిన్ తగిలించిన చుట్టం మందు ఒకటి ఉంది. 1997లో ఇటలీ శాస్త్రవేత్తలు దాన్ని స్క్రేపీ ఎక్కించిన హ్యామ్‌స్టర్లకు ఇస్తే జబ్బు ఆలస్యంగా మొదలైంది. అంటే ఈ మందుల కుటుంబానికి ప్రియాన్‌కు అతుక్కునే గుణం ముందే ఉంది. అక్కడ అది మేలు చేసింది, ఇక్కడ రోగికి నష్టం చేస్తోంది.

మందులకు క్యాన్సర్ మొండికేయడం కొత్త సంగతేమీ కాదు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం తయారుచేసిన అమినోప్టెరిన్‌ను 1948లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ ఉన్న 16 మంది పిల్లలకు ఇస్తే 10 మందికి తగ్గుముఖం పట్టింది. ఆ రోజుల్లో అదే అద్భుతం. కానీ కొన్ని నెలలకే జబ్బు తిరగబెట్టింది. కీమో కథ ఎంత పాతదో, మొండి కణాల కథా అంతే పాతది.

పాంక్రియాస్, అంటే క్లోమం, దాని క్యాన్సర్‌లో ఈ ప్రోటీన్ వేషం వేరు. చాలా చెడ్డ క్యాన్సర్ అది, కనిపెట్టేసరికే ఆలస్యమైపోతుంది. ఇందాక కొవ్వు లంగరు అన్నాను కదా. కణం ఈ ప్రోటీన్‌ను తయారుచేశాక చివర ఒక తోకను కత్తిరించి, ఆ చోట లంగరు తగిలిస్తుంది. పాంక్రియాస్ క్యాన్సర్ కణాల్లో ఆ కత్తిరింపు జరగట్లేదని, తోక అలాగే ఉండిపోతోందని క్లీవ్‌లాండ్‌లోని కేస్ వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయం నుంచి మాన్-సన్ సై బృందం 2009లో చెప్పింది. కుట్టు అయ్యాక దారం తెంపకపోతే ఏమవుతుంది? వేలాడే దారం తలుపు గడియకో మేకుకో చిక్కుకుని బట్ట మొత్తాన్ని లాగుతుంది. ఈ తోక కూడా అలాగే కణం లోపల ఫిలమిన్ ఎ అనే ప్రోటీన్‌కు చిక్కుకుంటుంది. కణానికి ఆకారం ఇచ్చే అస్థిపంజరం లాంటి వలను కట్టి ఉంచేది ఆ ఫిలమినే. అది చిక్కుపడితే కణం వదులై, కదలడం, దూరడం మొదలుపెడుతుంది. గడ్డలో ఈ ప్రోటీన్ కనిపించిన రోగులు, కనిపించనివాళ్ల కంటే తక్కువ కాలం బతికారు. ఒక్క తోక తెగకపోవడం ఇంత దూరం వెళ్తుందా అని నాకు మొదటిసారి చదివినప్పుడు నమ్మబుద్ధి కాలేదు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. పెద్దపేగు క్యాన్సర్‌లో బాగా పాకే గుణమున్న రకానికీ ఈ ప్రోటీన్‌కూ సంబంధం ఉందని 2019లో పారిస్ నుంచి వచ్చింది. మెదడులో వచ్చే గ్లయోబ్లాస్టోమా అనే క్యాన్సర్‌లో కణాలు బయటికి వదిలే హాప్ అనే ప్రోటీన్ దీన్ని పట్టుకుని పెరుగుదలకు ఊతమిస్తోందని, ఆ పట్టు మధ్యలో ఒక చిన్న పెప్టైడ్, అంటే ప్రోటీన్ తునక లాంటి ముక్క, దూర్చితే ఎలుకల్లో గడ్డ పెరుగుదల తగ్గిందని బ్రెజిల్ వాళ్లు చూపించారు. కొరియాలో పెద్దపేగు క్యాన్సర్ కణాల మీద నిద్రకు సంబంధించిన హార్మోన్ మెలటోనిన్‌ను కీమో మందుతో కలిపి వేస్తే ఈ ప్రోటీన్ తగ్గిందన్నారు. దయచేసి ఇది విని నిద్రమాత్రల కోసం మెడికల్ షాపుకు పరిగెత్తకండి. అది గాజు గిన్నెలో కణాల సంగతి.

ఒక ముఖ్యమైన మాట. క్యాన్సర్ గురించి ఇంతవరకు నేను చెప్పిన వాటిలో ఎక్కడా వంకర మడత లేదు, గమనించారా? పాంక్రియాస్‌లో తోక మిగిలింది గానీ మడత వంకర తిరగలేదు. క్యాన్సర్ వాడుకుంటున్నది ఈ ప్రోటీన్ మంచితనాన్నే. మావాడి మెసేజ్‌లో తప్పు సరిగ్గా అక్కడే ఉంది.

అయితే వంకర మడత అంటుకునే గుణం క్యాన్సర్‌లో అసలు లేదా అంటే, ఉంది. అది వేరే ప్రోటీన్‌లో ఉంది. పి53 పేరు కొందరు విని ఉంటారు. 1979లో దొరికింది. డీఎన్ఏ దెబ్బతిన్న కణాన్ని ఆపడం, అవసరమైతే చావమని చెప్పడం దాని పని. ఇందాకటి కాపలావాడికి సరిగ్గా ఎదురు, పోలీసు అనుకోండి. మనిషికొచ్చే క్యాన్సర్లలో దాదాపు సగంలో ఈ పి53 జన్యువు చెడిపోయి ఉంటుంది. చెడిన పి53 మడత సడలి, పటికబెల్లం పలుకుల్లా గుంపులు కడుతుంది, పక్కనున్న మంచి పి53ను కూడా ఆ గుంపులోకి లాగుతుంది. బొంబాయి ఐఐటీలో సమీర్ మాజీ బృందం ఇంకో అడుగు ముందుకు వేసింది. ల్యాబ్‌లో కట్టిన పి53 గుంపుల్ని మామూలు కణాలకు ఇస్తే, లోపలి మంచి పి53 కూడా పేరుకుని, ఆ కణాల్లో క్యాన్సర్ లక్షణాలు కనిపించాయని 2021లో ప్రచురించారు. దీన్ని ప్రియాన్ అనాలా, ప్రియాన్ లాంటిది అనాలా అని శాస్త్రవేత్తల్లో వాదన నడుస్తోంది. నా మటుకు "లాంటిది" చాలు. ఎందుకంటే ఇది కణం నుంచి కణానికి సంబంధించిన మాట. మనిషి నుంచి మనిషికి కాదు. మా పిన్ని కంచానికి దీనితో ఏ సంబంధమూ లేదు.

2016లో లాస్ ఏంజెలెస్‌లో డేవిడ్ ఐసెన్‌బర్గ్, ఆలిస్ సొరాగ్ని కలిసి, పి53లో సరిగ్గా అతుక్కునే ముక్కను గుర్తించి దానికి మూత లాంటి పెప్టైడ్ తయారుచేశారు. అండాశయ క్యాన్సర్ రోగుల కణాల్లో, ఎలుకల్లో అది పనిచేసింది. పెప్టైడ్‌ను మనిషి ఒంట్లో చెడిపోకుండా గడ్డ దాకా చేర్చడం వేరే యుద్ధం.

మరి ప్రియాన్ ప్రోటీన్ మీద మందు? ఒక రకంగా దారి సగం వేసి ఉంది, క్యాన్సర్ వాళ్లు వేయలేదు గానీ మెదడు జబ్బు వాళ్లు వేశారు. లండన్‌లో జాన్ కోలింజ్ బృందం పీఆర్ఎన్100 అనే యాంటీబాడీని, అంటే ఈ ప్రోటీన్‌కు అతుక్కునే మందును, క్రాయిట్జ్‌ఫెల్ట్-యాకోబ్ ఉన్న ఆరుగురికి ఇచ్చి 2022లో ఫలితాలు రాసింది. జబ్బు నయం కాలేదు, ఆరుగురూ చనిపోయారు. కానీ మందు వల్ల పెద్ద హాని కనబడలేదు. జన్యువు సందేశాన్నే ఆపి ప్రోటీన్‌ను తగ్గించే మందులు కూడా మనుషుల్లో పరీక్షల దాకా వచ్చాయి. ఈ ప్రోటీన్ లేకపోయినా నార్వే మేక బతుకుతోంది కాబట్టి కొంత ధైర్యం. అయితే క్యాన్సర్ రోగికి ఇస్తే వచ్చే చిక్కు, ఆ యాంటీబాడీ ఒళ్లంతా ఉన్న మంచి కణాలకూ అతుక్కుంటుంది. పైగా కీమో దెబ్బకు మెదడు, నరాలు నలిగే సమయంలోనే మనం వాటి కాపలా తీసేస్తున్నామా అన్న ప్రశ్న ఉంది. నాకు ఉన్న పెద్ద అనుమానం అదే. అందుకే గడ్డ దగ్గర మాత్రమే దీన్ని అడ్డుకునే పద్ధతులే నిలబడతాయని నా అంచనా.

ఇక ప్రశ్నలు అడగండి.

(ఒక పెద్దాయన: ఇది రక్తపరీక్షలో తెలుస్తుందా అమ్మా?)

ప్రోటీన్ రక్తంలో తేలుతూ ఉంటుంది బాబాయిగారూ, కొలవచ్చు. పరిశోధనలో కొలుస్తున్నారు. కానీ అది ఆరోగ్యవంతుల రక్తంలోనూ ఉంటుంది. "ఇంత ఉంటే క్యాన్సర్" అని చెప్పే గీత లేదు. ఎవరైనా ఆ పేరుతో ప్యాకేజీ అమ్మితే కొనకండి.

(ఒక యువతి: మా అమ్మకు ఎర్ర మందు ఎక్కిస్తున్నారండీ. ఇప్పుడు మీరు చెప్పిన ప్రోటీన్ ఉందో లేదో చూపించుకోవాలా?)

అక్కర్లేదమ్మా. చూసినా దాన్ని బట్టి డాక్టర్ మందు మార్చే పద్ధతి ఇంకా లేదు. ఎన్నో సైకిల్? రెండోదా. ఆ మందు గుండెను కూడా దెబ్బతీయగలదు, అందుకే జన్మలో ఇంత మోతాదు దాటకూడదని లెక్క ఉంటుంది. మొదలుపెట్టే ముందు ఎకో, అదే గుండె స్కానింగ్, తీశారా? గుర్తులేదా? ఫైల్‌లో ఉంటుంది, ఇంటికెళ్లి చూడు. లేకపోతే ఈసారి వెళ్లినప్పుడు అడుగు, మొహమాటపడకు. అమ్మ కంచం వేరే పెట్టారా ఇంట్లో?

(యువతి నవ్వి, లేదండీ అంది.)

మంచిది. మైకు ఆ వెనక బెంచీలో పాపకు ఇవ్వండి, చాలాసేపటి నుంచి చెయ్యెత్తి ఉంది.